మామ్మ పింగాణీ, అమ్మ మొక్కు

నాన్నకి గుండె ఆపరేషన్ అయిన ఏడాది మా చర్చిలో జరిగిన కోతపండుగ గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులకి చెమట పడుతుంది. ఆ రోజు నేను నాలిక కింద పెట్టుకునే మాత్ర ఒకటి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీంచి చెయ్యి తియ్యకుండా కూర్చున్నాను. కొత్తవాళ్లు చూస్తే గుండెజబ్బు నాకే అనుకునేవాళ్లు.

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, మిషనరీ దొరల బంగ్లాలో వంట చేసేది. అక్కడి దొరసాని తన దేశం వెళ్లిపోతూ భోజనాల పింగాణీ సామానంతా మామ్మకి ఇచ్చేసింది. అంచు చుట్టూ సన్నటి నీలం గీత ఉన్న తెల్లటి ప్లేట్లు, కప్పులు, సాసర్లు, మూతతో పెద్ద గిన్నె, పడవ ఆకారంలో ఇంకో గిన్నె. ఆ పడవగిన్నె దేనికో మాలో ఎవరికీ తెలియదు. క్రిస్మస్ నాడు అమ్మ అందులో మాగాయి వేసి బల్ల మీద పెట్టేది. మిగతా రోజుల్లో అవన్నీ ముందుగదిలో అద్దాల బీరువాలో ఉండేవి. వాటిని కడగడం నాన్న పని, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. డ్రిల్లు మాస్టారుగా ఊళ్లో పిల్లలందర్నీ గడగడలాడించిన మనిషి, ఆ కప్పుల్ని పసిపిల్లకి నీళ్లు పోసినట్టు కడిగేవాడు. వాళ్లమ్మ తాలూకు వస్తువు ఆయన దగ్గర ఇంకేదీ లేదు, కనీసం ఫోటో కూడా.

పండుగ వారం ఉందనగా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. నేను విజయనగరంలో ఉద్యోగం చేస్తూ రోజూ రైల్లో వెళ్లొచ్చేవాణ్ణి. అప్పుడే వచ్చాను, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

"మీ నాన్నని ఆపరేసన్ గదిలోకి తోసుకుపోతంటే మొక్కీసేన్రా. మనిషి ఇంటికొస్తే మీ మామ్మ పింగాణీ అంతా కోతపండక్కి ఇచ్చీస్తానని."

"నాన్నకి సెప్పేవా?"

"సెప్తే ఒప్పుకుంటారేటి? పైగా డాక్టరేటన్నాడు? మనసు కష్టపెట్టొద్దన్నాడు కాదేటి?"

"అయితే ఇవ్వడం మానీ."

అమ్మ నా నోరు మూసేసింది, నిజంగానే, చేత్తో. "ఆ మాటనకు. దేవుడు మనిషిని తిరిగిచ్చినాక మనం మాట తప్పితే..."

ఇలాంటి మొక్కుల మీద నాకు నమ్మకం లేదు. భయం మాత్రం బోలెడు. ఇవ్వకపోతే నాన్నకి ఏదో అవుతుందని అమ్మ భయం. ఇచ్చేశామని తెలిస్తే ఆ గుండె తట్టుకోలేదని నా భయం. ఎటు తిరిగినా పోయేది ఆయన ప్రాణమే. వారమంతా ఇద్దరం ఆయన ఎదుట దొంగల్లా తిరిగాం. ఆయన బీరువా వైపు వెళ్తే చాలు, ఏదో ఒక వంకతో వెనక్కి పిలిచేవాణ్ణి.

మా కోతపండుగ తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. కోతలయ్యాక ఎవరికి పండింది వాళ్లు చర్చికి తెస్తారు. ధాన్యం, చోళ్లు అంటే రాగులు, గుమ్మడికాయలు, కోళ్లు, అరటిగెలలు. ఆరాధన అవగానే వాటిని అక్కడే వేలం వేస్తారు, మేం దాన్ని పాట అంటాం. ఎవరికైనా ప్రాణంగా ఉన్న వస్తువు పాటకొస్తే ఆ ఇంటివాళ్లే పాడుకుని పట్టుకుపోతారు, మిగతావాళ్లు ఎదురు పాడరు. ఇచ్చినట్టూ ఉంటుంది, వస్తువు ఇల్లూ చేరుతుంది. నా ధైర్యమంతా ఈ పద్ధతి మీదే. పింగాణీని నేనే పాడేసి, నాన్న కంటపడకుండా బీరువాలో సర్దేద్దామనుకున్నాను.

వచ్చిన చిక్కల్లా, ఏళ్ల తరబడి ఆ పాట పాడించేది నాన్నే. ఈసారి గొంతు పెంచి అరవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి ఆ పని ఒక సంఘపెద్దకి అప్పగించారు. పాట జరుగుతున్నంతసేపూ నాన్నని టీ తాగుదామని తన ఇంటికి తీసుకెళ్లి కూర్చోబెడతానని పాస్టరుగారు నాకు మాటిచ్చారు.

పండుగనాడు నాన్న స్నానానికి వెళ్లగానే అమ్మ పింగాణీని పాత చీరల మధ్య పెట్టి గంపకెత్తి చర్చికి పంపించేసింది. ఖాళీ బీరువా కనపడకుండా అద్దాల మీద ఉతికిన దుప్పటి ఆరేసింది. ఎండంతా పెరట్లో ఉండగా ముందుగదిలో దుప్పటి ఆరెయ్యడమేమిటని నాన్న అడిగుంటే మా కథ అక్కడే ముగిసేది. అడగలేదు.

ఆరాధన అయింది. పాస్టరుగారు వచ్చి నాన్న చెయ్యి పట్టుకున్నారు కూడా. ఇంతలో మైకు దగ్గర సంఘపెద్ద ఒక గుమ్మడికాయ ఎత్తి పాట మొదలుపెట్టాడు. ఎవరు ఎంతకి పాడారో మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చాడు. జనం నవ్వారు. వెనక నుంచి ఎవరో "మాస్టారే రావాల!" అని అరిచారు. నాన్న ఆగిపోయాడు.

"నాన్నా, డాక్టరుగారు వద్దన్నారు."

"ఆపరేసను గొంతుకి కాదురా," అని ముందుకి నడిచాడు.

గుమ్మడికాయ వెళ్లింది. కోళ్లు వెళ్లాయి. చోళ్ల మూట దగ్గర ఆయన వేసిన హాస్యానికి ఆడవాళ్ల వైపు నుంచి కూడా నవ్వులు వచ్చాయి. నెలల తర్వాత ఆయన మొహంలో కళ చూశాను. ఆ సంతోషాన్ని అనుభవించే యోగం నాకు లేదు, ఎందుకంటే నా కళ్లు గంప మీదే ఉన్నాయి. వరసలో దాని వంతు వచ్చింది. నాన్న దాన్ని ముందుకి లాగి పైనున్న చీర తీశాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన ఒక ప్లేటు తీసి, తిరగేసి, వెనకవైపు చూశాడు. ఇలాంటివి ఇంకెవరింట్లోనైనా ఉన్నాయేమో అనుకున్నాడు కాబోలు. తర్వాత మైకులో అడిగాడు. "ఇదెవరు పెట్టేరు?"

ఆడవాళ్లలోంచి అమ్మ లేచి నిలబడింది. తల మీద కొంగు సర్దుకుంది.

"నేనేనండి. మిమ్మల్ని లోపలికి తీసుకెల్లినపుడు మొక్కీసేను."

నాన్న చెయ్యి మెల్లగా ఛాతీ మీదకి వెళ్లింది. అంతే, నేను జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను. మాత్ర తీశానో లేదో, చెమట చేతుల్లోంచి జారి నేల మీద ఒలికిన ధాన్యంలో పడిపోయింది. మోకాళ్ల మీద కూలబడి గింజలు కెలుకుతున్నాను. కళ్లు మసకేశాయి, ప్రతి గింజా మాత్రలాగే ఉంది. దేవుడా దేవుడా అంటున్నాను, పైకే అంటున్నాను.

"లెగరా," అన్నాడు నాన్న.

తలెత్తి చూస్తే, ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంటున్నాడు. దాని కోసమే ఆ చెయ్యి అక్కడికి వెళ్లింది. ప్లేటుని మళ్లీ ఒకసారి, ఈసారి కళ్లజోడుతో చూసి, "పాట మొదలెట్టండి," అన్నాడు.

ఇంకెవరూ నోరు తెరవకముందే నేను పాడేశాను.

"మా ఇంటి పాట సెల్లదు," అన్నాడు నా మొహం చూడకుండా.

"అదేటి మాస్టారూ, ఎప్పుడూ ఉన్న పద్ధతే కదా," అన్నాడు సంఘపెద్ద.

"ఆ పద్ధతి దీనికి కాదు. ఇది మళ్లీ మా ఇంటికి రాకూడదు."

అది కోపం అనుకున్నాను. అమ్మ మీద కోపం, ఆమెకి వంత పాడిన నా మీద కోపం. అంతా తెలిసినవాళ్లే కాబట్టి ఆ సామాను పాడడానికి ఎవరికీ మనసు రాలేదు. అప్పుడు నాన్న, "మొత్తం ఒకరికొద్దు. ఇంటికొక్కటి తీసుకెల్లండి," అని విడివిడిగా పాడించడం మొదలుపెట్టాడు. ఒక్కో ప్లేటూ ఒక్కో చేతిలోకి వెళ్లింది. ఆయన గొంతు బాగానే ఉంది. కానీ దగ్గరగా నిలబడ్డ నాకు ఆయన వేలి ఉంగరం ప్లేటు అంచుకి టకటకా తగలడం వినిపిస్తూనే ఉంది. పడవగిన్నె పాడుకున్న, ఎండుచేపలు అమ్మే ఆవిడ, "ఇది దేనికి మాస్టారూ?" అని అడిగింది. "మాగాయికి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ముగ్గురం ఆటోలో ఇంటికొచ్చాం. ఇంట్లోకి రాగానే నాన్న బీరువా మీది దుప్పటి తానే లాగి, మడతపెట్టి, మంచం మీద కూర్చున్నాడు. ఖాళీ అరల్లో ప్లేట్లు ఉన్నచోట దుమ్ము లేని గుండ్రాలు కనిపిస్తున్నాయి. అమ్మ ఆయన మాత్రలూ నీళ్లూ తెచ్చి పక్కన నిలబడింది. తిట్లు పడతాయని తెలిసినదానిలా తల వంచుకుంది. నేను గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాను, ఆయన గొంతు పెంచితే అడ్డుపడదామని.

నాన్న మాత్ర మింగాడు. గ్లాసు కింద పెట్టాడు. అమ్మ వైపు చూసి, ఎప్పుడూ నేను వినని చిన్న గొంతుతో అడిగాడు.

"ఒసే, ఈ గుండెనొప్పి మళ్లీ వస్తే ఏటి మొక్కుతావు?"

అది కోపం కాదని అప్పుడు తెలిసింది నాకు. పింగాణీ ఇంటికి తిరిగొస్తే మొక్కు చెల్లక ఏమవుతుందో అని, ఆ మైకు దగ్గర మా అందరికన్నా ఎక్కువ భయపడింది ఆయనే.

అమ్మ తలెత్తింది. కుట్టుమిషను, గోడగడియారం, మూల ఉన్న ఇత్తడి బిందె, ఒక్కొక్కటే చూస్తూ ఇల్లంతా వెతికింది. నేనూ ఆమెతో పాటు వెతికాను. అంత ఇష్టమైన వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు.