ఫిరంగికి ఎద్దుల జత

మా బావ పోయాడన్న కబురు నాకు బస్సు మోసుకొచ్చింది. మల్దకల్ నుంచి గద్వాల పోయే బస్సు మా చేను పక్కన చెయ్యెత్తినా సగం సార్లు ఆగదు. ఆ పొద్దున ఎవరూ చెయ్యెత్తకుండానే ఆగింది. కండక్టరు దిగి గట్టు మీదికి నడిచి వచ్చాడు. నాతో ఏళ్ల తరబడి కొట్లాడుతున్న మనిషి. కొట్లాటకే వస్తున్నాడనుకుని నేనూ తలగుడ్డ సర్దుకున్నాను.

"తాతా, గద్వాలల మీ బావ పోయిండంట. పొద్దుగాల చాయ తాగుకుంట తాగుకుంటనే పోయిండంట. ఎక్కు, పోదాం," అన్నాడు.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. గద్వాలలో చీరలు నేసేవాడు. ఏ పనినీ సగంలో వదిలే మనిషి కాదు. నాకు తెలిసి ఆయన సగంలో వదిలినవి రెండే. ఒకటి ఆ చాయ. రెండోది ఒక ఫిరంగి.

బస్సెక్కేటప్పుడు నా చేతిలో మట్టి సంచి ఉంది. బావ కోసం ముందురోజే చెరువులో తవ్వి, రాళ్లు ఏరి, తడిగుడ్డ చుట్టి పెట్టిన బంకమట్టి. ఇక అది ఎవరికోసమన్న ఆలోచన నాకు రాలేదు. గద్వాల బస్సెక్కడమంటే మట్టి సంచి పట్టుకోవడమేనని నా చేతికి అలవాటు. కండక్టరుకూ నాకూ కొట్లాట దాని గురించే. "నీకు టికెట్ తీస్తివి, మట్టికెవరు తీస్తరు తాతా?" అనేవాడు. "మట్టి సీటుల కూసోదు, నిలబడుతది. నిలబడేదానికి టికెట్ ఏంది?" అనేవాణ్ణి. ఆ రోజు కండక్టరే సంచి నా చేతిలోంచి తీసుకుని తన సీటు కింద పెట్టుకున్నాడు.

ఆ మట్టి ఎందుకో చెప్పాలి.

మా రెండిళ్లూ మగ్గం ఇళ్లే. కాకపోతే మగ్గం గుంతలో కాళ్లు పెడితే నాకు నిద్ర ముంచుకొస్తుందని మా నాయన తొందరగానే కనిపెట్టాడు. చీరలు పాడుకాక ముందే, మల్దకల్ దగ్గర కౌలుకు తీసుకున్న చేను చూసుకోమని తరిమేశాడు. అంతకుముందే ఐదో తరగతి పంతులు బడి నుంచి తరిమాడు కాబట్టి నాకు అదేమీ కొత్త కాదు. ఆ చేను పక్క చెరువులో మట్టి వెన్నలాగ ఉంటుంది. బావకు నా మీద ప్రేమ మొదలైంది అప్పటినుంచే.

ఆయన తీరిక వేళల్లో సిపాయి బొమ్మలు చేసేవాడు. ఒక్కో బొమ్మ చిటికెన వేలంత. ఆయన తాత చిన్నప్పుడు గద్వాల సంస్థానం ఫౌజు కోట దర్వాజా దాటి రావడం చూశాడట. ముందర నగారాలు, వెనక బల్లేలవాళ్లు, గుర్రాలు, తుపాకులవాళ్లు, అందరికన్నా ఆఖరున ఎద్దులు లాగే ఫిరంగి. ఆ తాత మగ్గం మీద కూర్చున్నంతసేపూ ఇదే చెప్పేవాడట. బావకు కథంతా నోటికి వచ్చింది గానీ, కళ్లతో చూడలేదన్న కొరత అలాగే ఉండిపోయింది. "తాత చూసిన ఫౌజు మొత్తం ఒక్కసారి నా కండ్ల ముందట నడవాలె బామ్మర్దీ. ఆఖరు ఫిరంగి దాక," అనేవాడు. ఆయన కోరిక ఇంతే. ఆ కోరిక ఇంట్లో గోడ పొడుగునా ఒక చెక్క మీద బారులు తీరి ఉండేది.

మా అక్క మాట వేరు. "ఊర్ల మొగోల్లు రెండో సంసారం పెడితే ఆడదానితోని పెడతరు. ఈయన మట్టితోని పెట్టిండు," అనేది. అంటూనే కిందపడిన సిపాయిని ఎత్తి చెక్క మీద నిలబెట్టేది.

బావ పని తీరు చూస్తే నాకు నవ్వు వచ్చేది, తర్వాత నవ్వు ఆగిపోయేది. మట్టిలో దూది పోగులు కలిపి పిసికేవాడు, పగలకుండా ఉండటానికి. ముందు కాళ్లు, నడుము సరిచూసుకునేవాడు. మొహం జోలికి ఆఖరున పోయేవాడు. "మనిషిని ముందు నిలబెట్టాలె, అటెన్క మూతి పెట్టాలె," అనేది ఆయన మాట. డాలుకు చింతగింజను సగానికి అరగదీసి అతికించేవాడు. కత్తికి గుండుసూదిని సుత్తితో సాగగొట్టేవాడు. సర్దారు తలపాగాకు చీర అంచులో తెగిన జరీ పోగు. నీడన ఆరబెట్టి, ఊక మంటలో కాల్చి, ఆ తర్వాత రంగు వేసేవాడు.

రంగులు ఆదివారం పొద్దున. ఎనభైలలో వీధికి ఒక టీవీ వచ్చిన రోజులవి. వీధి వీధంతా మహాభారతం చూడటానికి ఆ ఇంటి ముందు చేరేది, మగ్గాలన్నీ చప్పుడు చాలించేవి. "ఆల్లు యుద్ధం చూడనీకె పోయిండ్రు. నాకు ఇంట్లనే ఉన్నది," అనేవాడు బావ. కుంచె ఉడుత తోక వెంట్రుకలది. రాలిన వెంట్రుకలు ఏరి తెచ్చే పని కూడా నాదే.

"మా చేనుకాడ ఉడుతలన్ని బోడి తోకలతోని తిరుగుతున్నయ్ బావా," అన్నాను ఒకసారి.

"చలికాలం రానీ. తలా ఒక సెల్ల నేసిస్త, కప్పుకుంటయి," అన్నాడు తల ఎత్తకుండా.

బొమ్మకు కన్ను పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. పక్కనున్న నేనూ నోరు మూసుకోవాలి. నాకు ఊపిరి ఆపడం సులువే, మాట ఆపడమే కష్టం. "తొందరున్నోడు పెద్ద బొమ్మ చేసుకోవాలె. చిన్న బొమ్మకు తీరిక కావాలె," అని నన్ను చూసే అనేవాడు.

సిపాయిలకు మొహాలు మా వీధివే. వీధి మొదట్లో ఉండే దర్జీ ఒకరోజు తన మొహం ఉన్న జమేదారును చూసుకోవడానికి వచ్చాడు. చాలాసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నా ముక్కు గింత లావుంటదా?"

"లేదు. జర తగ్గించి చేసిన," అన్నాడు బావ.

నన్నూ వదల్లేదు. ఫౌజులో ఆఖరు వరుస, ఆఖరు మనిషిని నేను. అందరూ ముందుకు చూస్తుంటే నేనొక్కణ్ణే మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాను. "నన్ను పిరికోన్ని చేసినవేంది బావా? అందరికన్న ముందుగాల పారిపొయ్యేటట్టున్న," అని గొడవ పడ్డాను.

"పారిపోతలేవు. నీ వెనక ఫిరంగి వస్తది. అది వస్తుందా లేదా అని నువ్వు చూస్తున్నవ్. ఫౌజుల ఒక్కడన్న వెనక సంగతి చూడాలె గద," అన్నాడు.

ఆ ఫిరంగిని ముందే చేశాడు. చక్రాల్లో పుల్లల్లాంటి ఆకులతో సహా, కాడితో సహా. మిగిలింది ఎద్దులు. వాటికోసం ఒక ఎండాకాలం బావ మా చేనుకు వచ్చి, నా ఎద్దుల ముందు పొద్దంతా కూర్చున్నాడు. పక్క చేను రైతుకు ఇది అర్థం కాలేదు.

"ఎవరీయన? పండ్లు చూస్తలేడు, కాళ్లు చూస్తలేడు, మూపురమే చూస్తుండు. గిట్లాంటి బేరగాన్ని నేను చూడలే," అన్నాడు.

"బేరగాడు కాదే. పెండ్లిచూపులకు వచ్చిండు," అన్నాను.

ఆ ఎండాకాలమంతా ఆయన ఆ జత మీదే ఉన్నాడు. మెడ వంచి, గిట్టలు నేలలో దిగేసి, బరువు లాగుతున్న ఎద్దులు. మూపురం పక్కన కాడి ఒరుసుకున్న చోట తోలు మడత కూడా ఉంది. ఒక్క కాల్చడమే మిగిలింది. ఆరడానికి వసారాలో రోలు మీద పెట్టి, నూలు కోసం బజారుకు పోయాడు.

అది జ్యేష్ఠం వెళ్లిపోయే అమావాస్య రోజు. మా వైపు ఆ రోజు మట్టి ఎద్దుల పండుగ. ఇంట్లో మట్టితో ఎద్దుల జత చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఓళిగలు నైవేద్యం పెట్టి, వానలు పడాలని మొక్కుతాం. పూజ అందుకున్న ఎద్దులు ఇంట్లో ఉండకూడదు, మరునాడు నీళ్లలో కలిపెయ్యాలి. ప్రతి ఏడూ మా అక్కే చేసేది. ఆమె ఎద్దులు గుమ్మడికాయలకు కాళ్లు పెట్టినట్టుండేవి. కళ్లకు జొన్నగింజలు గుచ్చేది. ఆ ఏడు మగ్గం మీద పెండ్లి చీర ఉండి, ఆమెకు మట్టి పిసికే తీరిక లేకపోయింది. రోలు మీద చూస్తే ఎద్దుల జత తయారుగా ఉంది.

ఓళిగల వాసనకు నేను చేను నుంచి వచ్చేసరికి పూజ అయిపోయింది. పీట మీద ఎద్దులు, మూపురాల మీద కుంకుమ, మెడల్లో పూలు. 

"అక్కా, గవి ఫిరంగి ఎద్దులు," అన్నాను.

హారతి పళ్లెం పట్టుకున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. అప్పుడే బావ గడపలోకి వచ్చాడు. చూశాడు. తుఫాను వస్తుందని నేను గోడకు జరిగాను. ఆయన చెప్పులు విడిచి వచ్చి, పీట ముందు వంగి మొక్కాడు.

"ఈ ఏడు నువ్వే చేసినవనుకున్న," అంది అక్క. "ఒక్కసారన్న ఇంటి పని చేసినవని మురిసిన."

"మురిసినవు గద. సరిపాయె."

"తడిగుడ్డతోని తుడుస్త. కుంకుమ పోతది."

"కుంకుమ పోతది. మొక్కింది పోతదా?" అన్నాడు బావ. "ఇగ అవి నాయి కావు. ఓళిగ పెట్టు."

మరునాడు సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. ఎద్దులు నా ఒళ్లో ఉన్నాయి. నీళ్లలోకి దిగి వాటిని విసరలేదు. అరచేతిలో పెట్టుకుని నీళ్లలో ముంచి, కరిగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డు మీద ఊరికే ఉండలేక నేనన్నాను: "కృష్ణమ్మకు దున్నుకోనీకె మంచి జత దొరికింది బావా."

ఆయన నవ్వాడు. ఖాళీ చెయ్యి పైకి తీసి చూసుకుంటూ, "మూపురం అన్నిటికన్న ఆఖరుకు కరిగింది. గట్టిగ చేసిన," అన్నాడు.

ఆ పండుగ తర్వాత అక్క మళ్లీ బావ మట్టిని ముట్టలేదు. తన పండుగ ఎద్దులకు వేరే మట్టి తెప్పించుకునేది. ఫిరంగి చెక్క చివర ఖాళీ కాడితో ఉండిపోయింది. బావ మళ్లీ చేద్దామనుకునేలోపు కళ్లకు పొరలు కమ్మాయి. తొంభైలలో వనపర్తి కంటి క్యాంపుకు నేనే తీసుకుపోయాను. పొర తీసి సోడాబుడ్డి అద్దాలు పెట్టారు. చీర పోగు కనిపించేది గానీ బొమ్మ కన్ను కనిపించేది కాదు. అయినా ఒక ఎద్దును చేశాడు. నాకు చూపించాడు.

"మేక బాగుంది బావా," అన్నాను.

"నీకు మేక అనిపించిందా? నాకు కుక్క అనిపించింది," అని నవ్వి, దాన్ని ముద్ద చేసేశాడు.

"మరి నీ ఫిరంగినెవరు గుంజుతరు?"

"నువ్వున్నవు గద." చేతి మట్టి తుడుచుకుంటూ మళ్లీ అన్నాడు: "ఇడిసిపెట్టలే బామ్మర్దీ. ఆపిన."

గోడ అవతల అక్క కండెలు చుడుతోంది. రాట్నం చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

బావ పోయింది ఎండాకాలం మొదట్లో. కర్మకాండలకు వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దాయన, పోయినాయన చేసిన బొమ్మలు ఇంట్లో ఉంచకూడదని, నదిలో కలపమన్నాడు. అక్క ఆయన వైపు కూడా చూడలేదు. "కాల్చిన మట్టి కరగదు. కలిపినా అడుగున గట్లనే నిలబడి ఉంటరు. ఈడనే ఉండనీ," అంది. నేను తెచ్చిన మట్టి సంచి మూలన అలాగే ఉంది. ఎవరూ తియ్యలేదు.

తర్వాత ఎద్దుల అమావాస్య వచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండుగ చెయ్యరు. ఓళిగలు ఉండవని తెలిసినా గద్వాల పోయాను. అక్క వసారాలో కూర్చుని ఉంది. నా మట్టి ముద్దను నానబెట్టి పిసికినట్టుంది, చేతులు మోచేతుల దాకా మట్టి. ముందర ఎద్దుల జత. అవే గుమ్మడికాయలు, అవే కాళ్లు.

"ఏంది అక్కా, ఈ ఏడు మనకు పండుగ లేదు గద," అన్నాను.

"లేదు. పండుగ లేదు, పూజ లేదు. పూజ చెయ్యని ఎద్దులను నీళ్లల్ల ఎవరు కలుపుతరు రా?" అంది, తోక అతికిస్తూ. "ఆరినంక ఊకల కాల్చాలె. నీకొస్తదా?"

"నాకు నిద్రపోవుడొక్కటే వస్తది."

"మంటకాడ నిద్రపోకుంట కూసో. గంతే."

కూర్చున్నాను. బతుకులో మొదటిసారి పని దగ్గర నిద్ర రాలేదు. ఒక ఎద్దుకు కొమ్ము బీట కొట్టింది గానీ విరగలేదు. చల్లారాక అక్క కళ్ల గుంతల్లో జొన్నగింజలు అతికించింది. బావ మగ్గం మీద మిగిలిన పోగు ఒకటి తెంపి, రెండిటినీ కాడికి కట్టింది. మెడలకు కాడి చాలలేదు. ఎద్దులు ఫిరంగికన్నా పెద్దవి, ఫౌజులో గుర్రాలకన్నా పెద్దవి. చక్రాలకు ఆకులు లెక్కపెట్టి చెక్కిన బావ చూస్తే ఏమనేవాడో అనుకున్నాను. సరిపాయె అనేవాడు.

అక్క చేతులు కడుక్కుని వచ్చి చెక్కను కిటికీ వెలుతురులోకి జరిపింది. నగారాలు, బల్లేలు, గుర్రాలు, ముక్కు తగ్గించిన దర్జీ, అందరి చూపూ ముందుకే ఉంది. ఆఖరు వరుసలో ఆఖరువాడు ఒక్కడే ఎప్పట్లాగే మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడు. వాడి మొహానికి ఎదురుగా, వాడి తలంత జొన్నగింజ కన్ను.