అప్పలసామి బతికే ఉన్నాడు

మా ఊరి అప్పలసామి పెద్దకర్మలో భోంచేసిన నెలకే నేను పినాంగు ఓడ ఎక్కాను. మలయాలో సుంగై సిపుట్ అనే ఊరి రబ్బరు తోటలో మా బావ గుమాస్తా. అతన్ని చూసి, అదే తోటకు మొగుడితో కూలికి వెళ్ళిన అప్పలసామి భార్య నూకాలును పరామర్శించి రావాలని బయలుదేరాను. తోటలో అడుగుపెట్టగానే రబ్బరుపాల బాల్చీతో ఎదురొచ్చినవాడు అప్పలసామే!

"నాను సచ్చిపోనానని ఎవులు సెప్పినారు బాబూ?"

మిషను పత్రిక చెప్పింది. తోటకు వచ్చిన పాదిరి దొర గుండుతో ఉన్న నూకాలును ఫోటో తీసి, పేరూ ఊరూ వేసి, మొగుడు పోయిన అభాగ్యురాలని రాశాడు. మా వైపు పత్రిక దాన్నే తెలుగులో మళ్ళీ వేస్తే, ఎవరో అప్పలసామి తల్లికి చదివి వినిపించారు. నిజానికి బిడ్డకు జ్వరం తగ్గిందని నూకాలు సింహాద్రి అప్పన్నకు తలనీలాల మొక్కు తీర్చుకుంది. ఒక్క మాట అడిగితే ఆ పాదిరి నోరు అరిగిపోయేదా?

తప్పు దిద్ది వేయమని పాదిరిని అడగడానికి మర్నాడు పొద్దున్నే ఆ మొగుడూ పెళ్ళాలూ నేనూ రైల్లో కువాలా కంగ్సార్ వెళ్ళి, అక్కడ పడవ ఎక్కాం. దారిలో అరిటాకు పొట్లాల్లో కొబ్బరన్నం కొన్నాం గాని కోపంతో నాకు సహించలేదు. ఏటి ఒడ్డున ఉన్న మిషను ఇల్లు ఒకప్పుడు వర్తకుల కొట్టట. అడవివాళ్ళ దగ్గర పేము, గుగ్గిలం తీసుకుని చారెడు ఉప్పు చేతిలో పెట్టేవారని పడవవాడు చెప్పాడు. ఇప్పుడందులో అచ్చుయంత్రం ఉంది.

పాదిరి దొర మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"పొరపాటే. కాని ఆ ఫోటో చూసి ఎందరో కన్నీళ్ళతో చందాలు పంపారు. ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?"

"ఈయన బతికే ఉన్నాడని చెప్పండి," అన్నాను.

పత్రికలో చోటు లేదన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లో వర్తకం ఆగనేలేదు, సరుకు మారిందంతే!

"నా బొట్టు అగుపడనేదా ఆ బాబుకి?" అంది నూకాలు, బయటికొచ్చాక.

సాయంత్రం రైల్లో నేనొక ఉపాయం చెప్పాను. మొగుడూ పెళ్ళాలకు ఫోటో తీయిస్తే తీసుకెళ్ళి తల్లికి చూపిస్తానన్నాను. అప్పలసామి తల అడ్డంగా ఊపాడు.

"ఫోటోయే గదా బాబూ నన్ను సంపినాది. నానే ఎల్తాను."

వెళ్తే పని పోతుందన్నాడు తోట దొర. అయినా ఆగలేదు. పినాంగు రేవులో నూకాలు బిడ్డను పైకెత్తి చూపిస్తుంటే ఓడ కదిలింది. మలయాలో కొండలు చూశాను, నదులు చూశాను; తిరుగు ప్రయాణంలో నాకు మిగిలింది ఆ అచ్చుయంత్రం మీద కసి ఒక్కటే.

డెక్కు మీద ఒక తమిళ ప్రయాణికుడు అప్పలసామిని పలకరించాడు. "ఊళ్ళో ఏం విశేషం? పెళ్ళా?"

"కాదన్నా. మాయమ్మ ఏడుస్తన్నాది. ఊరుకోబెట్టాల."