అమ్మవారి దండను అడ్డమనుకున్న బండి

అది 2023, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న మార్చి నెల. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక విజయవాడ రోడ్డు మీద, నాలుగు వైపులా అద్దాలున్న పెద్ద కార్ల షోరూంలో నేను ప్రొడక్ట్ స్పెషలిస్టుని. అంటే బేరం చేసే మనిషిని కాను. బండి ఏం చేయగలదో, ఏం చేయలేదో కస్టమర్‌ని కూర్చోబెట్టి చూపించే మనిషిని. అంతకు ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూటర్ల షోరూంలో పనిచేశాను. అక్కడ అందరూ మైలేజీ ఎంతని అడిగేవాళ్లు. ఇక్కడ ఒక్కరూ అడగరు, అడిగితే ఎక్కడ పరువు పోతుందోనని. కానీ పక్కింటివాడి బండి కన్నా ఎత్తుందా అని మాత్రం తప్పకుండా అడుగుతారు.

ఆ యేడు మా కంపెనీ పెద్ద ఎస్‌యూవీ కొత్త రూపంలో వచ్చింది. పాతది లాడర్ ఫ్రేమ్ బండి. నిచ్చెనలాంటి ఇనుప చట్రం మీద బాడీని బిగించి చేస్తారు. పెట్టెలా ఉండేది, లారీలా ఊగేది, కానీ ఎక్కడికంటే అక్కడికి వెళ్లేది. కొత్తది మోనోకాక్, అంటే చట్రమూ బాడీ వేరు కాకుండా ఒకటే. స్ప్రింగుల బదులు ఎయిర్ సస్పెన్షన్, అంటే గాలి సంచులు. మీట నొక్కితే బండి ఒంటెలా వంగుతుంది, ఇంకోటి నొక్కితే పైకి లేస్తుంది. ముందు గ్రిల్‌లో కంపెనీ గుర్తు వెనక కెమెరా, రాడార్. బంపర్ నిండా సెన్సర్లు.

నన్నడిగితే కొత్తదే మంచి బండి. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అలాగని దాని లోపాలు నేను దాచను. మట్టి చేతులతో టచ్ స్క్రీన్ మీద ఏసీ తగ్గించుకోవడం నరకం. గాలి సంచి చిరిగితే ఊళ్లో మెకానిక్ చేయగలిగేది ఏమీ లేదు, మా దగ్గరికి మోసుకురావాల్సిందే. వెడల్పు కూడా పెరిగింది, పాత కాలనీల సందుల్లో అద్దాలు ముడుచుకుని వెళ్లాలి. ఇవన్నీ నేనే ముందు చెప్పేస్తాను. మా మేనేజర్ శ్రీనివాస్ గారిది భీమవరం. ఆయనకు నా పద్ధతి నచ్చదు. "ఏవమ్మా వసంతా, బండి అమ్ముతున్నావా, బండి మీద సాక్ష్యం చెబుతున్నావా?" అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం అద్దాల దాకా ఎర్రమట్టి పట్టిన పాత మోడల్ బండి వచ్చి మా తెల్ల టైల్స్ ముందు ఆగింది. దిగినాయన బుచ్చిరెడ్డి గారు. అల్మాస్‌గూడ పాత ఊరివాళ్లు, పొలాలు కాలనీలైన కుటుంబం. వయసు అరవై దాటి ఉంటుంది. కొత్త బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, బానెట్ మీద వేళ్లతో కొట్టి చూశారు.

"గిది రేకా, అట్టనా?"

"అల్యూమినియం సార్. బరువు తక్కువ, బలం ఎక్కువ."

"బరువు లేని బండికి బలమెక్కడిది బిడ్డా? నా బండి చూడు. పదేండ్లు బండల మీద తోలిన. ఒక్కనాడు నన్ను పరేషాన్ చెయ్యలే."

"మరి మార్చాలని ఎందుకొచ్చారు సార్?"

ఆయన కాసేపు తలుపు తెరిచి మూస్తూ ఉండిపోయారు. తర్వాత చెప్పారు. పెద్ద అంబర్‌పేట్ దాటాక లోపలికి ఆయనకు మామిడి తోట ఉంది. చుట్టూ రాళ్ల గుట్టలు, తోటకు దారి కూడా బండల మీదుగానే. ఆయనా ఆయన భార్య సత్తెమ్మ గారూ కలిసి వేసిన తోట. ఇప్పుడు దాన్ని ప్లాట్లు చేయడానికి ఒక వెంచర్ వాళ్లు అడుగుతున్నారు. మాట కుదిరింది, ఉగాది దాటాక సంతకాలు. ఆ సంతకాలయ్యాకే ఈ బండి.

"మా ఆమెకు తోట మీద మనసు లేదు. రెండేండ్లాయె, అడుగు పెట్టలే. మోకాళ్ల ఆపరేషన్ అయినంక రమ్మంటె ఒద్దంటది. ఆమె రాని తోట నాకెందుకు? అందరు అమ్ముకుంటుండ్రు, నేను కూడ అమ్ముత."

ఆ మాట మామూలుగా అన్నట్టే అన్నారు గానీ నా వైపు చూడలేదు. నాకో పద్ధతి ఉంది. టెస్ట్ డ్రైవ్‌కి ఆ బండి ఎక్కబోయే వాళ్లందరూ రావాలి. తోలేవాడొక్కడే వస్తే సగం బండినే చూసినట్టు. "అమ్మగారిని కూడా తీసుకురండి సార్. మీ తోటకే పోదాం" అన్నాను.

"ఆమె రాదు."

"అడిగి చూడండి."

మా శ్రీనివాస్ గారు తల పట్టుకున్నారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! డెమో బండి అది. గీత పడితే హెడ్డాఫీసుకు నేనేం చెప్పను?" అని సణుగుతూనే తాళం ఇచ్చారు.

మర్నాడు పొద్దున అల్మాస్‌గూడలో వాళ్లింటి ముందు బండి ఆపి, యాక్సెస్ హైట్ మీట నొక్కాను. అంటే ఎక్కేవాళ్ల కోసం బండి కిందికి వంగే ఏర్పాటు. బండి నిట్టూర్చినట్టు కూర్చుంది. గడపలో నిలబడ్డ సత్తెమ్మ గారు దాన్ని చూసి, కర్ర పక్కన పెట్టి, పైనున్న పిడి పట్టుకుని ముందు సీట్లో తానే కూర్చున్నారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బుచ్చిరెడ్డి గారు సాయం చేద్దామని చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"ఏందే, ఎక్కినవా?" అన్నారు.

"ఎక్కిన. పా ఇగ" అన్నారామె.

స్టీరింగ్ ఆయన చేతికిచ్చి నేను వెనక కూర్చున్నాను. మెయిన్ రోడ్డు మీద ఆయన ఒక్క మాట మెచ్చుకోలేదు కానీ ఒక్క వంక కూడా పెట్టలేదు. నా లెక్కలో అది మెప్పే. పెద్ద అంబర్‌పేట్ దాటి లోపలికి తిరిగేచోట చిన్న మైసమ్మ గుడి ఉంది. కొత్త బండి ఏదైనా ఆ దారిన మొదటిసారి పోతే అక్కడ ఆగాల్సిందే. ఆగకుండా పోయినవాడిని ఆ పక్క ఊళ్లల్లో మనిషిగా లెక్కెయ్యరు. గుడి చూసుకునే అమ్మ కొబ్బరికాయ కొట్టింది. పసుపు కుంకుమ కలిపి గ్రిల్ మధ్యలో, సరిగ్గా మా కంపెనీ గుర్తు మీద, అరచేతి మందాన బొట్టు పెట్టింది. వేపాకూ బంతిపూలూ గుచ్చిన దండ తెచ్చి బంపర్ మీదికి వేలాడేలా కట్టింది. బండి మా షోరూందని ఆమెకు నేనేం చెబుతాను? నేనూ దండం పెట్టుకున్నాను.

బండలు మొదలైన చోట సంగతి బయటపడింది. ముందు స్క్రీన్ వెలిగింది. బండి ముందున్న దారి కనపడాల్సిన చోట అంతా కుంకుమ ఎరుపు. కెమెరా మూసుకుపోయిందని ఒక హెచ్చరిక. ఆయన మెల్లగా మొదటి బండ ఎక్కించబోయారు. దండ ఊగింది. సెన్సర్లకు అది ఎదురుగా ఏదో అడ్డం వచ్చినట్టు తోచింది. కీచుమంటూ బండి దానంతటదే బ్రేక్ వేసుకుంది. అందరం ముందుకు తూలాం. సత్తెమ్మ గారు మోకాలు పట్టుకుని "అమ్మో" అన్నారు.

బుచ్చిరెడ్డి గారి ముఖం ఎర్రబడింది. "ఇగో, చూసినవా? అమ్మవారి దండను అడ్డమనుకునే బండి! పసుపు కుంకుమ తట్టుకోలేని బండి నాకేం పనికొస్తది? ఒద్దు బిడ్డా. ఎనుకకు తిప్పుత."

నాకు బెంగ పట్టుకుంది. బండి పోతుందని కాదు, బండ్లు వస్తుంటాయి పోతుంటాయి. సత్తెమ్మ గారు అప్పటికే కిటికీ లోంచి గుట్ట వైపు చూస్తున్నారు. దాని వెనకే తోట. ఆయన వెనక్కి తిప్పుతానన్నా ఆమె పిడి పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

నేను బండి దిగి, తడి గుడ్డ తీసుకుని ముందుకు వెళ్లాను. కెమెరా ఒక్కటి తుడిస్తే చాలనుకున్నాను.

"బిడ్డా! బొట్టు తుడుస్తవా?" సత్తెమ్మ గారి గొంతు ఉలిక్కిపడేలా వచ్చింది. "ముట్టకు. తల్లి పెట్టింది."

గుడ్డ జేబులో పెట్టుకున్నాను. ముత్తయిదువ ముందు బొట్టు తుడిచే ధైర్యం నాకే కాదు, ఎవరికీ ఉండదు. అక్కడ నిలబడి ఆలోచిస్తే నాకు నవ్వొచ్చింది. ఈ బండిలో నేను ఇన్నాళ్లూ గొప్పగా చూపించింది స్క్రీన్. స్క్రీన్ పోతే బండి పోయినట్టేనా? కింద డిఫరెన్షియల్ లాక్ ఉంది, అంటే ఒక చక్రం జారినా రెండోది ఆగకుండా లాగే ఏర్పాటు. లో రేంజ్ గేరు ఉంది, మెల్లగానే గాని ఎద్దులా గుంజుతుంది. పాత బండిలో ఆయన నమ్మినవన్నీ ఇందులోనూ ఉన్నాయి. పైన కెమెరాల షోకు చూపించే హడావిడిలో నేనే వాటిని వెనక్కి నెట్టేశాను.

వచ్చి వెనక కూర్చుని, సీట్ల మధ్యలోంచి ముందుకు వంగి, మీట నొక్కి సెన్సర్లు ఆపేశాను. లో రేంజ్ వేయించాను. బండిని బాగా పైకి లేపాను. "సార్, ఇప్పుడు ఇది మీ పాత బండే అనుకోండి. స్క్రీన్ చూడొద్దు. మీ కళ్లతో తోలండి."

"కుడి దిక్కు నాకు కనపడ్తది. ఎడమ చక్రం ఎవరు చూస్తరు?"

"నేను చూస్త" అన్నారు సత్తెమ్మ గారు. కిటికీ అద్దం దించి తల బయట పెట్టారు. "పో. మెల్లగ పో. గా నల్ల బండ మీదికెల్లి కాదు, దాని పక్కపొంటి. నువ్వెప్పుడు గక్కడనే తప్పుతవ్. ఆఁ, గట్లనే. పైలం."

"నాకు తెల్వదా దారి?"

"తెలిస్తె ట్రాక్టర్ గీడనే ఎందుకు పండవెట్టినవ్?"

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఒక చక్రం గాల్లోకి లేచింది. మిగతా మూడూ పట్టుకున్నాయి. బండి ముక్కుతూ మూలుగుతూ కాదు, నింపాదిగా, మెట్లెక్కినట్టు ఎక్కింది. దండ ఊగుతూనే ఉంది. బొట్టు చెక్కు చెదరలేదు. గుట్ట దాటి తోటలో ఆగాక నేను మీట నొక్కాను, బండి వంగింది. సత్తెమ్మ గారు దిగారు. చెట్ల నిండా పిందెలు. ఒక కొమ్మ వంచి, పిందెను తెంపకుండా బొటనవేలితో నిమిరారు.

బుచ్చిరెడ్డి గారు వెనకే నిలబడి అడిగారు. "తోట మీద మనసు లేదంటివి గదనే?"

"మనసు లేక కాదు." ఆమె ఆయన వైపు తిరగలేదు. "నీ బండెక్కాల్నంటె ఇద్దరు మొగోళ్లు సంకల కింద చేతులు పెట్టి లేపాలె. వడ్ల బస్తా లెక్క. సిగ్గయితుండె. మనసు లేదంటె ఇగ ఎవ్వరు అడగరు గదా అని అన్న."

ఆయన వచ్చి ఆమె వంచిన కొమ్మను తానూ పట్టుకున్నారు. నేను బండి వెనక్కి వెళ్లి టైర్లు చూస్తున్నట్టు నటించాను. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి, దాచడమెందుకు. ఒక గడప ఎత్తు కోసం ఒక మనిషి రెండేళ్లు తన తోటకు దూరమైంది. ఇంట్లో అందరూ ఆమె మనసు విరిగిందనుకున్నారు.

కాసేపటికి ఆమే నన్ను పిలిచారు. "బిడ్డా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. తోట ప్లాట్లయితె గీడ సీసీ రోడ్లేస్తరు. సీసీ రోడ్డు మీద తోలెటందుకు గీ బండి కావాల్నా?"

శ్రీనివాస్ గారి ముఖం కళ్ల ముందు కదిలింది. అయినా నా నోరు అబద్ధం ఆడదు. "అవసరం లేదమ్మా. సీసీ రోడ్డుకైతే ఈ బండి దండగ. దీన్ని చేసిందే ఇట్లాంటి బండల కోసం."

ఆమె భర్త వైపు తిరిగారు. "విన్నవా? తోట అమ్మి బండి కొంటనంటివి. కొన్నంక ఏ బండ మీద ఎక్కిస్తవ్?"

బుచ్చిరెడ్డి గారు తల గోక్కుని, చెట్ల వైపు చూసి, చివరికి "కాయ దిగినంక సూద్దాం తియ్యి" అన్నారు. ఆ గొంతు విన్నవాళ్లెవరికైనా తెలుస్తుంది, తోట బతికిందని. నా బుకింగ్ చచ్చిందని కూడా.

షోరూంలో ఆ నెల నాకు బాగానే అక్షింతలు పడ్డాయి. తోట దగ్గరికి వెళ్లి తోట అమ్మకాన్ని ఆపి వచ్చిన సేల్స్ మనిషిని జీవితంలో మొదటిసారి చూస్తున్నానన్నారు శ్రీనివాస్ గారు. నేను తల వంచుకోలేదు. సరైన బండిని సరైన మనిషికి చూపించాను, అంతకు మించి నా పని ఏముంది?

ఆ యేడాది చివర్లో డెమో బండిని అమ్మకానికి పెట్టాం. తిరిగిన బండి కాబట్టి ధర తగ్గుతుంది. ఎవరు చెప్పారో ఏమో, బుచ్చిరెడ్డి గారు పాత బండి తోలుకుని వచ్చేశారు. "తోట అమ్మలే. గదే బండి గావాలె. తల్లి బొట్టు పెట్టిన బండి" అన్నారు. పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి, దాని బానెట్‌ను ఒకసారి నిమిరి వెళ్లారు. డెలివరీకి ముందు కార్లు కడిగే అతను గ్రిల్ సందుల్లో ఇంకా కుంకుమ ఉందని చూపిస్తే, ఉండనీయమన్నాను. పూజ రోజున సత్తెమ్మ గారే కొత్త బొట్టు పెట్టారు, నేను చూపించిన చోట, బానెట్ అంచున. కెమెరాకు పైన, అమ్మవారికి కోపం రాని చోట.

ఆ తర్వాత నేను చాలా బండ్లు చూపించాను. కొత్త రూపాలు వస్తూనే ఉంటాయి, ప్రతిదాని మంచీ చెడూ నాకిప్పటికీ నోటికొస్తాయి. కానీ ఇప్పుడు ఇంజిన్ గురించీ స్క్రీన్ గురించీ నోరు విప్పే ముందు కస్టమర్‌ని ఒక మాట అడుగుతాను: "మీ ఇంట్లో బండెక్కడం మానేసింది ఎవరు?" చాలామంది ముందు నవ్వుతారు. తర్వాత కాస్త పక్కకు వెళ్లి, ఇంటికి ఫోన్ చేస్తారు.