ఐదో చెయ్యి

రేపల్లె స్టేషన్ రోడ్డులో బట్టలు కుట్టే వలి, మెడలో టేపు తీయడం మరిచిపోయి ఏటా తెనాలి రైలెక్కుతాడు, టైలర్ల సమాఖ్య సమావేశానికి. అక్కడ తెనాలికి నాలుగు ఓట్లు, బాపట్లకు రెండు, రేపల్లె తరఫున వలి ఒక్కడు. తెనాలి వాళ్ల నాలుగు చేతులు లేస్తే పని అయిపోయినట్టే. లెక్క ముగిశాక కూడా వలి చివరి కుర్చీలోంచి మర్యాదగా చెయ్యెత్తుతాడు. తన భార్య నూర్ బీ లాగా ఇళ్లలో కుట్టే ఆడవాళ్లకూ సభ్యత్వ కార్డులు ఇవ్వాలని ఏటా అడుగుతాడు. "వచ్చే ఏడు చూద్దాంలే వలీ," అంటాడు తెనాలికే చెందిన అధ్యక్షుడు నరసింహం. ఈ ఏడు నిజాంపట్నం ఒక ఓటుతో కొత్తగా చేరింది. ఏడింట ఒకటి కాస్తా ఎనిమిదింట ఒకటైందని వలి దిగులుపడ్డాడు. "ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే అయిన చేతికి వాటా తగ్గితే ఏంటండీ?" అని కాజాలు కుడుతూ నవ్వింది నూర్ బీ.

సమావేశంలో నరసింహాన్నే మళ్లీ అధ్యక్షుణ్ణి చేయాలని తెనాలి చేతులు నాలుగూ లేచాయి. బాపట్ల, నిజాంపట్నం వాళ్లు చేతులు కట్టుకు కూర్చున్నారు. ఎనిమిదిలో నాలుగు సగమే. సగం దాటితేనే చెల్లుతుంది. అందరూ చివరి కుర్చీ వైపు తిరిగారు. వలి చెయ్యి టేపు మీదే ఉంది.

"ఎత్తండి వలి గారూ," అన్నాడు నరసింహం. ఇరవై ఏళ్లలో 'గారూ' అనడం అదే మొదలు.

"ఎత్తుతానండి. ముందు ఆడవాళ్ల కార్డుల సంగతి తేల్చండి సార్."

నరసింహం తన తెనాలి వాళ్ల వైపు ఓసారి చూసి, కార్డులకు చెయ్యెత్తాడు. తెనాలి చేతులు మిగతా మూడూ లేచాయి. వలి చెయ్యి అలవాటు చొప్పున చివరనే లేచింది. అధ్యక్షుడి ఓటు కూడా అయ్యేదాకా అతను దాన్ని దించలేదు.