తిరిగి చెప్పు, మునెప్పా

గంజి పెట్టిన తెల్ల చొక్కా మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనగానే ఒక వాసన లేస్తుంది. కొంత అన్నం వాసన, కొంత మాడిన గుడ్డ వాసన. మొన్న గురువారం మధ్యాహ్నం కుప్పంలో మా ఇంటి ముందు గదిలో నా మనవరాలు హారిక యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే ఆ వాసన నా కుర్చీదాకా వచ్చింది. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. కళ్లు మూసుకుంటే ఎదురుగా కనిపించింది హారిక కాదు, మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో మా మేట్రన్ సుగుణమ్మ గారు. ఆమె నడుస్తుంటే గంజి పెట్టిన తెల్లచీర గరగరమనేది. ఆ చప్పుడు విని మేము సర్దుకుని నిలబడేవాళ్లం.

హారిక విమానాలు నడుపుతుంది. చిన్న ఊళ్లను కలిపే ఒక చిన్న కంపెనీలో కో-పైలట్. ఇప్పుడు పేరున్న పెద్ద విమాన సంస్థ నుంచి ఉద్యోగం వచ్చింది. సోమవారం లోగా ఏదో ఒక సంగతి చెప్పాలి. ఉన్నచోటే ఉంటే ఇంకో ఏడాదిలో ఎడమ సీటు, అంటే కెప్టెన్ కుర్చీ, ఆమెదవుతుంది. పెద్ద సంస్థకు పోతే పెద్ద జెట్ విమానమే గాని మళ్లీ కో-పైలట్ కూర్చునే కుడి సీటే, వరసలో అందరికంటే వెనక. ఎడమ సీటు ఎన్నేళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, ఆలోచించకుండా పొమ్మంటున్నాడు. ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని నడిపే కెప్టెన్ ఉన్నచోటే ఉండమంటున్నాడు. నిద్రపట్టక ముఖం పీక్కుపోయిన పిల్ల సెలవు పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "నువ్వు ఏం చెప్తే అది చేస్తా తాతా" అంది. ఆ మాటకు నాకు భయం వేసింది. అందుకే పొమ్మని గాని ఉండమని గాని అనకుండా, సుగుణమ్మ గారి గురించి చెప్పడం మొదలుపెట్టాను.

నేను పుంగనూరు నుంచి వచ్చి ఆ ఆసుపత్రి ల్యాబులో చేరినప్పుడు నాకు ఇంకా మీసం సరిగ్గా రాలేదు. సుగుణమ్మ గారిది గుర్రంకొండ దగ్గర పల్లె. పొట్టి మనిషి, గొంతు మాత్రం వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. డ్యూటీ మారే వేళ ఆమె పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. దిగిపోయేవాళ్లు వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని ఒక్కొక్క మంచం దగ్గరకు నడవాలి. చెప్పవలసింది చెప్పాలి. వచ్చినవాళ్లు "సరే" అంటే చాలదు, "విన్నాను" అన్నా చాలదు. విన్నదంతా తమ నోటితో తిరిగి చెప్పాలి. అది సరిగ్గా వచ్చేదాకా దిగిపోయేవాళ్లు గడప దాటకూడదు. ల్యాబువాళ్లకూ అదే చట్టం. చేరిన కొత్తలో ఒక ఉదయం నేను గుక్క తిప్పుకోకుండా, నాలుగో నెంబరుకు రక్తం మళ్లీ తీయాలని చెప్పేసి సంచీ భుజాన వేసుకున్నాను. ఆమె మంచాల వైపు వెతుకుతున్నట్టు చూసింది.

"నాలుగో నెంబరు యాడుండాడప్పా? నాకు కనపడలేదే. ఆడ పండుకోనుండేది కలికిరి రెడ్డెమ్మ."

రెడ్డెమ్మ మంచం మీద నుంచే నవ్వింది. నేను సంచీ దించి, ఆమె పేరుతో మళ్లీ మొదలుపెట్టాను.

ఈ తిరిగి చెప్పించే అలవాటు వార్డులో ఆగలేదు. వంటమనిషితో రేపటి వంట తిరిగి చెప్పించేది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారు ఏదైనా ప్రకటన చేస్తే, ముందు వరసలోని ఎవరో ఒకరిని లేపి అదేమిటో చెప్పమనేది. బజారు నుంచి సైకిలు మీద బన్నులు తెచ్చే బాషా భాయికి కూడా తప్పేది కాదు. పిల్లల వార్డుకు ఎన్ని, నర్సులకు ఎన్ని, ఏవి మెత్తగా ఉండాలి అన్నీ అప్పజెప్పాలి. ఒకరోజు అతను సైకిలు స్టాండు వేసి తలపట్టుకున్నాడు.

"అమ్మా, నేను బన్నులు అమ్మేకి వస్తాండానా, పరీచ్చ రాసేకి వస్తాండానా?"

"పాసయితేనే కదప్పా బన్నులు అమ్మేది" అంది ఆమె. బాషా భాయి పాసయ్యాడు. పాసయినందుకు తనే ఒక బన్ను తిన్నాడు.

కొన్నేళ్లకు నాకూ హారికకు వచ్చినట్టే ఒక పిలుపు వచ్చింది. బెంగళూరులో పెద్ద ఆసుపత్రి, పెద్ద ల్యాబు, మేము బొమ్మల్లో మాత్రమే చూసిన యంత్రాలు. ఇక్కడ మా ల్యాబు పెద్దాయన రిటైరు కాబోతున్నాడు, ఆ కుర్చీ నాదేనని అందరూ అనుకుంటున్నారు. అక్కడకు పోతే అందరికంటే చిన్నవాణ్ని. నాకు అప్పటికే డైరీ రాసే జబ్బు ఉంది. పేజీ మధ్యలో గీత గీసి, ఇటు లాభాలు అటు నష్టాలు వరసగా రాసుకుని సుగుణమ్మ గారి ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది. చేతిరాత బాగుందని మెచ్చుకుంది. డైరీ మూసి నా చేతికిచ్చింది.

"లీవిస్తా, పో. ఆడ రోగులతో వచ్చినోళ్లు కూసునే బెంచీ ఉంటాది. దాని మీద కూసో. డ్యూటీ మారేటప్పుడు సూడు. పని ముగించుకోని పొయ్యేవాళ్ల మొగాలు సూడు. వచ్చి నాకు చెప్పు."

వెళ్లాను. తిరిగొచ్చి ఆ యంత్రం ఇలా తిరుగుతుంది, ఈ యంత్రం రంగును ఇలా కొలుస్తుంది అని చేతులు ఊపుకుంటూ చెప్పాను. ఆమె అంతా విని, సాయంత్రం దిగిపోయినవాడు వచ్చినవాడితో ఏమన్నాడని అడిగింది. నేను వాళ్లను చూడనే లేదు. "యంత్రాలు యాడికీ పోవులే. మళ్లా పోయిరా" అని ఇంకోసారి లీవు రాసింది. ఆ రోజు నా డైరీలో బస్సు టికెట్టు సంగతి తప్ప ఇంకేమీ లేదు. సిగ్గుతో రాయలేదనుకుంటాను.

రెండోసారి యంత్రాల వైపు వీపు పెట్టి కూర్చున్నాను. సాయంత్రం ఒక నడివయసు ఆవిడ పని దిగబోతూ, కొత్తగా వచ్చిన కుర్రవాడికి ఏదో చెప్పింది. అతను తల ఊపాడు. ఆవిడ కదల్లేదు. అతను కన్నడంలో తిరిగి చెప్పాడు. ఆవిడ వేలు చూపించి ఒకచోట సరిదిద్దింది, మళ్లీ చెప్పించింది. తర్వాత ఇద్దరూ ఎందుకో నవ్వుకున్నారు. ఆవిడ చెప్పులు వేసుకుని, అలసిపోయి, నెమ్మదిగా బయటకు పోయింది.

తిరిగొచ్చి ఈ సంగతి సుగుణమ్మ గారికి చెప్పాను. నేను ఉండిపోతే ఆమెకే సుఖం. కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పే పని తప్పుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"అట్లయితే పో, మునెప్పా. ఈడ నువ్వు పెద్దోడివైపోతే నిన్ను సరిదిద్దేవాళ్లు యాడుండారు? నేనెన్నాళ్లుంటా?"

నేను బయలుదేరే రోజున నా చోటికి వచ్చిన రోసమ్మ అనే అమ్మాయికి ల్యాబు అప్పగిస్తున్నాను. ఒక పరీక్ష దగ్గర ఆమె తడబడుతోంది. బెంగళూరు బస్సుకు వేళవుతోంది. నేను గుమ్మం వైపు చూశాను. సుగుణమ్మ గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "బస్సు మళ్లా వస్తాది. ఆ పాప నోట్లోంచి మాట రానీ" అంది. రోసమ్మ నోట్లోంచి మాట వచ్చింది, బస్సు మాత్రం పోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా సుగుణమ్మ గారు బస్టాండు అరుగు మీద నా పక్కన కూర్చుంది, ఒళ్లో బాషా భాయి బన్నుల పొట్లం పెట్టుకుని. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి పొట్లం అందించి, చేరగానే ఏం చేయాలో చెప్పింది. చెప్పినదంతా నాతో తిరిగి చెప్పించుకుంది.

ఇదంతా విన్న హారిక ఇస్త్రీపెట్టె ఎప్పుడో ఆపేసింది. విమానంలోనూ అంతేనని చెప్పింది. కింద నుంచి టవరువాళ్లు ఏ ఎత్తులో పొమ్మన్నారో, ఎటు తిరగమన్నారో, విన్న మాట విన్నట్టు తిరిగి చెప్పకపోతే వాళ్లు ఒప్పుకోరట. "మీ సుగుణమ్మ గారికి విమానం తెలియకపోయినా మా పద్ధతి తెలిసిందే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కొంత ధైర్యం వచ్చింది. ఆ పెద్ద సంస్థ విమానంలో టికెట్టు కొనుక్కుని మామూలు ప్రయాణికురాలిలా పోయి రమ్మన్నాను. ఆమె విమానాన్ని చూస్తుందని నాకు తెలుసు, అందుకే విమానాన్ని చూడొద్దని కూడా చెప్పాను.

శనివారం బెంగళూరు నుంచి హైదరాబాదు పోయి, తిరుగు విమానంలో వచ్చి, ఆదివారం పొద్దున రైల్లో కుప్పం చేరింది. కాళ్లు కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. దిగేటప్పుడు చివర సీటు నుంచి నెమ్మదిగా వచ్చిందట. తలుపు దగ్గర దిగిపోయే కెప్టెనమ్మ, ఎక్కబోయే పైలట్లకు ఏదో మీట సంగతి చెబుతోందట. ఎక్కబోయేవాళ్లలో పెద్దాయన నెత్తి నెరిసిన కెప్టెనే. అయినా ఆయన మొదటి నుంచి తిరిగి చెప్పాడట. ఒక మాట జారితే ఆవిడ ఆపిందట, ఆయన "థాంక్యూ" అని మళ్లీ చెప్పాడట.

"ఆయనంత పెద్దోడైనాక కూడా తాతా" అంది. "పోతాను. కుడి సీటే అయినా పరవాలేదు."

ఆ మధ్యాహ్నమే సమ్మతి పంపింది. పాత కంపెనీలో తన చోటికి ఎవరు వస్తారో, వాళ్లకు ఏమేమి చెప్పాలో గుర్తుచేసుకుంటూ అన్నం తింది. సుగుణమ్మ గారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా నాకు ఏదైనా చెబితే నా పెదాలు వాటంతట అవే కదులుతాయి. అది చూసి పాలవాడు కూడా నవ్వుతాడు.

సాయంత్రం కుప్పం స్టేషనులో రైలెక్కి, తలుపు దగ్గర నిలబడి, నా బీపీ మాత్రల సంగతి చెప్పింది. ఏది పరగడుపున, ఏది తిన్నాక. నేను సరేనన్నాను.

"సరే అంటే కాదు. తిరిగి చెప్పు తాతా."

చెప్పాను. ఒకటి తప్పాను. ఆమె సరిదిద్దింది. మళ్లీ మొదటి నుంచి చెబుతుండగా రైలు కదిలింది. పూర్తయ్యేదాకా నేను దాని పక్కనే నడిచాను.