మణికూండు ఎదురింటి అత్త

మా మేనత్త పోయిన ఆదివారం పొద్దున కన్నుమూసింది. "అత్త పొయిందిక్కా, ఉడనే, ఇప్పుడే బయల్దేరు" అని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. కోయంబత్తూరులో రైలెక్కి మా పేట చూలై చేరేదాకా నాకు ఒకటే ధ్యాస: ఆమెను సాగనంపేలోగా గంట కొడుతుందా?

అదేం ధ్యాస అంటారేమో. మా ఇల్లు గడియారస్తంభానికి సరిగ్గా ఎదురుగా, మేడమీద. అరవంలో దాన్ని మణికూండు అంటారు, మా ఇళ్ళల్లోనూ అదే పేరు. తెల్లవాళ్ళ కాలంలో బజారు వర్తకులు చందాలు వేసుకుని కట్టించారు. కింద ఎర్ర ఇటుక కమానులు, పైన నాలుగు వైపులా గడియారాలు, వాటి మీద గంట గది. ఆ గదికి కిటికీ తలుపులు లేవు, ఏటవాలు చెక్క పలకలే. "వాన లోపలికి పోదు, శబ్దం మాత్రం బజారులోకి జారతాది. కట్టినోడు తెలివైనోడమ్మే" అనేది అత్త. గంట ఓడలో వచ్చిందట. ఊగే గంట కాదు. "దూలానికి బిగించేసినారు దాన్ని. సుత్తి వచ్చి కొడితే పలకాల, అంతే." కొట్టినప్పుడల్లా పలకల మధ్యనుంచి పావురాలు గుంపుగా లేచేవి.

ఒక మాట అంటుండగా గంట మోగితే ఆ మాట జరిగి తీరుతుందని మనవాళ్ళ నమ్మకం. గుడి గంటకు చెల్లింది మణికూండుకు ఎందుకు చెల్లదని మా తాత వాదన. అత్త టీచరు ట్రైనింగు ముగించిన ఏడు గూడూరు బడిలో ఉద్యోగం వచ్చింది. పంపిస్తారా అని ఎవరో అడిగితే, "మా పిల్ల ఈ ఇల్లు దాటి యాడికీ పోదు" అన్నాడాయన. ఠంగుమంది. తాత చేతులు జోడించాడు. ఉద్యోగం పోయింది, తర్వాత వచ్చిన సంబంధాలూ పోయాయి. "గంట పలికింది గదా" అంటే ఎదురు చెప్పే మొనగాడు మా ఇంట్లో పుట్టలేదు. ఆ గంట మీద నాకు ఇప్పటికీ కోపమే.

అత్త కోపం తెచ్చుకోలేదు, చెవి ఒగ్గింది. కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ, గంట కొట్టే ముందు లోపల కటుక్కుమనే చిన్న చప్పుడు పట్టుకుంది. సుత్తి లేచి ఆగే చప్పుడది. అక్కణ్ణుంచి కాఫీ రెండుసార్లు తిరగబోసేంత వ్యవధి. చిన్నప్పుడే నాకు నేర్పింది.

నాకు కోయంబత్తూరులో సీటు వస్తే ఇంట్లో అందరూ వద్దనే అన్నారు. ఆఖరి మాట చెప్పడానికి తాత గొంతు సవరించుకున్నాడు. కటుక్కుమంది. అత్త కాఫీ తెచ్చి, తాపీగా తిరగబోసి, "ఇది పోతాది నాయనా, చదువుకుంటాది" అంది. ఠంగ్! తాత నోరు మూసుకుని చేతులు జోడించాడు. ఈరోజు నా కాళ్ళమీద నేను నిలబడ్డానంటే ఆ కాఫీ చలవే.

"మరి నీకోసం ఎందుకు అనుకోలేదత్తా?" అని చదువుకు బయల్దేరే రోజు అడిగాను.

"ఎవురి మాట వాళ్ళే అనుకుంటే చెల్లదమ్మే. ఇంకొకరు అనాల."

నేనంటానన్నాను. తొలి సెలవులకు వచ్చేసరికి గడియారం ఆగిపోయింది. తాతా పోయాడు. అయినా అత్త బజారుకు పోయి రావడమే తప్ప ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. నాతో రమ్మంటే "మోగనీ, వస్తా" అనేది.

ఈ ఏడు మరమ్మతులు మొదలయ్యాయి. పోయిన నెల తనే ఫోన్ చేసింది. "మణికూండు మళ్ళా కటుక్కుమంటా ఉందమ్మే, రా." గొంతులో చిన్నపిల్ల సంబరం. టికెట్ తీసుకున్నాను. ఆ టికెట్ వచ్చే వారానిది.

ఆదివారం సాయంత్రం వీధిలో పాడె ఎత్తబోతున్నారు. అంగళ్ళ షట్టర్లు దించేశారు, బజారు నిశ్శబ్దంగా ఉంది. కటుక్కుమంది. చేతిలో కాఫీ లేదు, మనసులోనే రెండుసార్లు తిరగబోశాను. "మా అత్త ఈ ఇల్లు దాటి పోతాది" అన్నాను, అందరికీ వినపడేలా.

సుత్తి పడింది. మరమ్మతులవాళ్ళు గంటకు దుమ్ము పడకుండా గోనెపట్టా చుట్టి ఉంచారు. దబ్బుమని మెత్తటి చప్పుడు వచ్చింది. పలకల మధ్య పావురాలు ఒక్కటీ లేవలేదు.