హంప్ కంటే ముందొచ్చిన చప్పుడు

లిఫ్టు మీద కారు ఆరడుగుల ఎత్తున ఉంది. ఇంజను ఆపి గంట దాటింది. తాళం మెకానిక్ లిమ్ అంకుల్ జేబులో ఉంది. నాలుగు చక్రాలూ గాలిలో వేలాడుతున్నాయి, లోపల ఎవరూ లేరు. అప్పుడు ఎడమవైపు ముందు చక్రం దగ్గర చప్పుడైంది.

లిమ్ అంకుల్ వెనక్కి గెంతాడు. "హే! యూ డూ ఆ?" అన్నాడు. నా రెండు చేతుల్లోనూ కాఫీ గ్లాసులున్నాయి. ఒకటి ఆయనదే.

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో పద్నాలుగేళ్లు పనిచేశాను. చేతబడి వార్త వస్తే పోలీసులేమన్నారో కనుక్కోకుండా పేజీలో పెట్టేవాణ్ణి కాదు. ఇక్కడా చూసిందీ విన్నదీ మాత్రమే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకం హడలిపోతున్న రోజులవి. వాటిని సరిచేసే పని మీద నా భార్య వాణికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. వెనకే నేనూ వచ్చాను. సెంబవాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. ఆమెకు నెలలు నిండుతున్నాయి, ఆస్పత్రి దూరం. ఊరు విడిచి వెళ్తున్న ఆమె సహోద్యోగి దగ్గర పాత కారు కొన్నాం. వారం తిరక్కుండానే చప్పుడు మొదలైంది.

"ఇది బాగయ్యేదాకా నేనెక్కను. దారిలో చక్రం ఊడితే పురుడు మీరు పోస్తారా?" అంది వాణి. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలున్నాయి.

లిమ్ అంకుల్ షెడ్డు ఆంగ్ మో కియోలో. అరవై దాటిన మనిషి. కారును ముట్టుకునే ముందు చప్పుడును నోటితో చేసి చూపించమంటాడు. "వాట్ సౌండ్? కొక్ కొక్? క్రీక్ క్రీక్?" క్రీక్ అయితే రబ్బరు ఎండిపోయినట్టు, కొక్ అయితే ఏదో కీలు వదులైనట్టు.

చిక్కంతా అక్కడే వచ్చింది. నేను 'టక్' అన్నాను. విడిగా బస్సులో వచ్చిన వాణి 'లొటక్' అంది.

"టక్ అంటే గట్టిది గట్టిదానికి తగలడం. ఇది వదులై కొట్టుకుంటోందండీ. ఇన్నేళ్లు పేపర్లో చేశారు, ఆ మాత్రం తేడా తెలీదా?"

లిమ్ అంకుల్ ఇద్దరి నోళ్లనూ మార్చి మార్చి చూశాడు. "హస్బెండ్ సౌండ్, లింక్ రాడ్. వైఫ్ సౌండ్, బాల్ జాయింట్. యూ టూ డిసైడ్ ఫస్ట్ లా."

ముందు నా చప్పుడు ప్రకారం లింక్ రాడ్ మార్చాడు. పోలేదు. మూడు రోజులకు వాణి చప్పుడు ప్రకారం బాల్ జాయింట్ మార్చాడు. అదీ పోలేదు. నన్ను బానెట్ మీద బరువేసి ఊపమని, తను స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు. చేతికేమీ తగల్లేదు.

వాణి వృత్తి తప్పులు పట్టడం. మా బ్లాకు ముందున్న స్పీడ్ హంప్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నన్ను దాని మీదుగా పదకొండుసార్లు కారు నడపమంది. పదకొండోసారి చెయ్యెత్తింది.

"ఏవండీ, టైరు హంప్‌కి తగలకముందే సౌండొస్తోంది. ఒక కారు పొడుగు ముందే. ఎక్కాక అసల్లేదు."

పన్నెండోసారి నేనూ గమనించాను. నిజమే.

లిమ్ అంకుల్‌కి చెబితే పగలబడి నవ్వాడు. "సస్పెన్షన్ కెనాట్ సీ ఫ్యూచర్ లా!" అంటూనే కారును లిఫ్టెక్కించాడు. మొదట చెప్పింది జరిగింది అప్పుడే.

ఆ తర్వాత ఆయన నవ్వలేదు. ఇనుప కడ్డీతో ఒక్కో కీలునూ ఎత్తి చూశాడు. ఏదీ వెంట్రుకవాసి కదల్లేదు. కారు దించి, షెడ్డు మూలనున్న ఎర్రటి పూజాపీఠం నుంచి మూడు అగరుబత్తులు తెచ్చి ఆ చక్రం ముందు వెలిగించాడు.

"బాల్ జాయింట్, ఐ కెన్ చేంజ్. దిస్ వన్, కెనాట్." తాళం నా చేతికివ్వలేదు, బానెట్ మీద పెట్టాడు.

వాణికి అగరుబత్తుల సంగతి చెప్పలేదు. బాగు కావడం కష్టమన్నాడని మాత్రం చెప్పాను.

నొప్పులు వారం ముందే వచ్చాయి, మిట్టమధ్యాహ్నం. టాక్సీ పిలిచాను. వెనక సీట్లో వాణి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. హంప్ ఇంకా ఒక కారు పొడుగు దూరంలో ఉండగా, ఎడమవైపు ముందు చక్రం దగ్గర చప్పుడైంది.

"విన్నారా?" అంది.

"ఏం లేదు, నువ్వు గాలి పీల్చుకో," అన్నాను.

ఈలోగా డ్రైవర్ రేడియో కట్టేసి బండి ఆపాడు. "సార్, యూ హియర్ ఆర్ నాట్?" దిగి, చక్రం దగ్గర వంగి చూసి, తల గోక్కుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఎంత అబద్ధాలకోరండీ మీరు," అంది వాణి పళ్ల బిగువున. "చక్రం ఊడలేదుగా. పోనివ్వమనండి."

సాయంత్రానికి పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నెలలోపే కారు అమ్మేశాం. కొన్నాయన దగ్గర అది ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదట.

హంప్ ముందు బ్రేకు వేస్తాం కనక కీలు అప్పుడే కదులుతుందని ఒక ఇంజనీరు చెప్పాడు. వేలాడే స్ప్రింగు సర్దుకున్నా చప్పుడవుతుందట. మా కారు వరకు అలాగే అనుకుందాం. కానీ టాక్సీలోనూ అదే చక్రం దగ్గర చప్పుడైంది. ఆ టాక్సీ రోడ్డెక్కి నాలుగు రోజులే అయిందన్నాడు డ్రైవర్. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.